శిలాజాల వయస్సు తెలిసేదెట్లా?



ఒకనాడు మన తెలుగు తరగతిలో డైనోసార్‌లను గూర్చిన పాఠం చదువుతున్నాము. “ఈ జంతువు ఏడున్నర కోట్ల సంవత్సరాల క్రిందట జీవించింది” అనే వాక్యం వచ్చింది. వెంటనే ఒక అమ్మాయి లేచి, “మాస్టారూ, అప్పుడు మనుషులే లేరు కదా! ఎవరు చూశారు? ఎవరు లెక్కపెట్టారు?” అని అడిగింది.

నేను తెలుగు చెప్పేవాణ్ణి. సైన్సు మాస్టారిని కాను. ఆనాడు జవాబు చెప్పలేకపోయాను. చదివి వచ్చి చెబుతానని మాట ఇచ్చాను. ఆ మాట ఈ రోజు చెల్లించుకుంటున్నాను.

మీరు ప్రతి ఏడాదీ మంచు చూస్తారు. మొన్న కురిసిన మంచు అడుగున ఉంటుంది. నిన్నటిది దాని మీద ఉంటుంది. ఈ రోజుది అన్నిటికన్నా పైన ఉంటుంది. నీటి అడుగున పేరుకొనే మట్టి, ఇసుక కూడా అంతే. అవి పొరలు పొరలుగా పేరుకొని, కాలక్రమాన రాయిగా మారుతాయి. వాటిలో చిక్కుకున్న జంతువుల, మొక్కల అవశేషాలే శిలాజాలు. పొరలు తలక్రిందులు కానంతవరకు అడుగు పొర పాతది, పై పొర కొత్తది.

కెనడాలోని నోవా స్కోషియా రాష్ట్రంలో, సముద్రపు ఒడ్డున జాగిన్స్ అనే చోట ఎత్తయిన కొండచరియలు ఉన్నాయి. 1843లో విలియం లోగన్ అక్కడి పొరలను ఒక్కొక్కటిగా కొలిచారు. అక్కడ నిలువుగా నిలిచిన ప్రాచీన వృక్షాల మొదళ్లు రాయిగా మారి కనిపిస్తాయి. అటువంటి మొదళ్లలో విలియం డాసన్ అనే శాస్త్రజ్ఞునికి బల్లివంటి చిన్న జంతువు ఎముకలు దొరికాయి. 1860లో ఆయన దానికి హైలోనోమస్ అని పేరు పెట్టారు. అది మనకు తెలిసిన అతి ప్రాచీనమైన సరీసృపాలలో ఒకటి.

ఏ పొర ముందుదో, ఏది తరువాతదో డాసన్ చెప్పగలరు. కాని ఎన్ని సంవత్సరాల క్రిందటిదో చెప్పే సాధనం ఆయన కాలంలో లేదు. మంచు పొరలు చూసి ఏది ముందు పడిందో చెప్పగలం గాని, ఏ తేదీన పడిందో చెప్పలేము కదా!

ఇక్కడే గొప్ప వివాదం పుట్టింది. బ్రిటన్‌లో లార్డ్ కెల్విన్ అనే మహాశాస్త్రజ్ఞుడు ఉండేవారు. మొదట మండుతూ ఉండిన భూమి ఇంతగా చల్లారడానికి ఎంత కాలం పట్టిందో ఆయన లెక్క వేశారు. 1897లో ఆయన చెప్పిన అంకె 2 కోట్ల నుండి 4 కోట్ల సంవత్సరాలు. “ఇన్ని పొరలు పేరుకోవడానికి ఆ కాలం చాలదు” అన్నారు రాళ్లను చదివేవారు. కెల్విన్ వద్ద పూర్వం సహాయకుడిగా పనిచేసిన జాన్ పెర్రీ కూడా, భూగర్భంలో వేడి కదిలే తీరును తన గురువు సరిగా ఊహించలేదని 1895లోనే చెప్పారు. కాని కెల్విన్ పేరు పెద్దది. ఆయన మాటను కాదనడానికి చాలామంది జంకారు.

ఈ వివాదం తీరే దారి మన కెనడాలోనే, మాంట్రియల్ నగరంలోని మెక్‌గిల్ విశ్వవిద్యాలయంలో దొరికింది. డాసన్ చాలాకాలం ప్రిన్సిపాల్‌గా ఉన్నది కూడా అక్కడే. 1898లో ఎర్నెస్ట్ రూథర్‌ఫర్డ్ అనే యువకుడు అక్కడికి ప్రొఫెసర్‌గా వచ్చారు. ఆయన, ఫ్రెడరిక్ సాడీ కలిసి ఒక వింతను కనుగొన్నారు. యురేనియం, థోరియం వంటి మూలకాల పరమాణువులు వాటంతట అవే మరొక మూలకంగా మారిపోతూ ఉంటాయి. ఆ మార్పుకు ఒక లెక్క ఉన్నది.

మీరే చేసి చూడండి. నూరు నాణేలు ఎగరవేసి, బొమ్మ పడినవన్నీ తీసివేయండి. సుమారు 50 మిగులుతాయి. వాటిని మళ్లీ ఎగరవేస్తే సుమారు 25, ఆ తరువాత 12 లేక 13. ఏ నాణెం ఎప్పుడు పోతుందో చెప్పలేము గాని, ప్రతిసారీ దాదాపు సగం పోతాయని చెప్పగలము. యురేనియంలో ముఖ్యమైన రకం సగానికి తగ్గడానికి సుమారు 447 కోట్ల సంవత్సరాలు పడుతుంది. అది చివరకు సీసంగా మారుతుంది. ఎంత యురేనియం మిగిలింది, ఎంత సీసం పేరుకున్నది అని కొలిస్తే కాలం తెలుస్తుంది.

1907లో అమెరికా శాస్త్రజ్ఞుడు బోల్ట్‌వుడ్ ఈ పద్ధతిని ప్రయోగించి, కొన్ని ఖనిజాలకు 200 కోట్ల సంవత్సరాలు పైబడిన వయస్సు చెప్పారు. ఆ తొలి అంకెలలో తప్పులున్నాయి. తరువాతివారు వాటిని దిద్దారు. నేడు భూమి వయస్సు సుమారు 454 కోట్ల సంవత్సరాలని, జాగిన్స్ శిలాజాల వయస్సు సుమారు 31 కోట్లని చెబుతున్నారు.

ఇంతవరకు చెప్పగానే ఆ అమ్మాయి మళ్లీ లేచింది. “రాయి వయస్సును బట్టి శిలాజం వయస్సు, శిలాజాన్ని బట్టి రాయి వయస్సు చెబితే, చెట్టు ముందా విత్తు ముందా అన్నట్లు కాదా మాస్టారూ?” అన్నది. పెద్దలు కూడా వాదించుకొనే ప్రశ్న ఇది!

దీనికి జవాబు ఆల్బర్టా రాష్ట్రంలోని డైనోసార్ ప్రొవిన్షియల్ పార్కులో ఉన్నది. అక్కడ ఎముకలున్న పొరల నడుమ అగ్నిపర్వతాల బూడిద పొరలు కూడా ఉన్నాయి. ఆ బూడిదలో జిర్కాన్ అనే చిన్న స్ఫటికాలు ఉంటాయి. జిర్కాన్ పుట్టేటప్పుడు యురేనియాన్ని తనలో చేర్చుకుంటుంది గాని, సీసాన్ని దాదాపు రానివ్వదు. కనుక తరువాత దానిలో కనిపించే సీసం యురేనియం నుండి పుట్టినదే. ఎముక క్రింద ఉన్న బూడిద ఎముక కంటె పాతది, పైన ఉన్నది కొత్తది. ఆ రెంటి వయస్సులు తెలిస్తే, ఎముక వయస్సు వాటి మధ్య ఉంటుంది. ఇందులో శిలాజం సాక్ష్యం అక్కరలేదు. పొటాషియం ఆర్గాన్‌గా మారే లెక్క మరొక సాక్షి. వేర్వేరు గడియారాలు ఒకే కాలం చూపితే నమ్మకం పెరుగుతుంది. చూపకపోతే ఎక్కడ పొరపాటు జరిగిందో వెతుకుతారు.

చాలామంది “కార్బన్ పరీక్ష”తో డైనోసార్ వయస్సు చెబుతారనుకుంటారు. అది పొరపాటు. ఆ కార్బన్ 5,730 సంవత్సరాలకే సగమవుతుంది. సుమారు 50,000 సంవత్సరాలు దాటిన వాటికి అది పనికిరాదు.

అన్ని చోట్లా ఇంత చక్కని బూడిద పొరలు దొరకవు. సెలవులకు హైదరాబాదు వెళ్లినప్పుడు బిర్లా సైన్స్ మ్యూజియంలో కోటసారస్ అస్థిపంజరం చూడండి. ప్రాణహిత-గోదావరి లోయలోని యామన్‌పల్లి దగ్గర దొరికిన డైనోసార్ అది. అక్కడి రాళ్ల వయస్సును ఎక్కువగా చేపలు మొదలైన ఇతర శిలాజాలతో పోల్చి నిర్ణయించారు. అందుచేత అవి జురాసిక్ యుగపు తొలి భాగానివా, మధ్య భాగానివా అన్న చర్చ నడిచింది. అటువంటి చర్చ సిగ్గుపడవలసినది కాదు. ఎంతవరకు తెలుసునో అంతవరకే చెప్పడం శాస్త్రానికి గౌరవం.

పిల్లలారా! “ఎవరు చూశారు?” అని అడిగిన ఆ అమ్మాయి తప్పు చేయలేదు. కెల్విన్‌ను ప్రశ్నించినవారు కూడా తప్పు చేయలేదు. చూసిన మనిషి లేడు. కాని రాయిలో సాక్ష్యం మిగిలి ఉన్నది. ఎంత పెద్దవారు చెప్పినా “ఎట్లా తెలిసింది?” అని అడగండి. జవాబు వచ్చేదాకా ఓపికతో వినండి. ఈలోగా ఇంటికి వెళ్లి నాణేలు ఎగరవేసి, ఎన్ని మిగిలాయో వ్రాసుకొని రండి. వచ్చే తరగతిలో మీ లెక్కలన్నీ పలక మీద వేసి చూద్దాము.