గుండ్రటి గీతలూ, చందమామ రాయీ
(సాంస్కృతికోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



నన్ను ఆకాశంలోని వింతల గురించి మాట్లాడమన్నారు. నేను నేలమీది వింతతోనే మొదలుపెడతాను. ఆమధ్య సలాలా నుంచి మస్కట్‌కు విమానంలో వస్తున్నాం. ధోఫార్ కొండలు దాటాక, నజ్ద్ ఎడారిలో పళ్లెాలు బోర్లించినట్టు పచ్చటి గుండ్రాలు కనిపించాయి. కిటికీ పక్కన కూర్చున్న మా మనవడు "తాతయ్యా, ఇవి వేరే గ్రహంవాళ్లు గీసినవి కదూ!" అన్నాడు. నేను నవ్వాను. వాడు చిన్నబుచ్చుకుని మస్కట్‌లో దిగేదాకా నోరు విప్పలేదు. ఆ నవ్వుకు ప్రాయశ్చిత్తమే ఈ నాలుగు మాటలు.

వాడి తప్పేమీ లేదు. ఇంగ్లండు గోధుమ చేలల్లో రాత్రికి రాత్రే వెలిసే వలయాలకూ, శనిగ్రహపు చందమామ ఇయాపెటస్ నడుముకు మొలతాడులా వున్న కొండల వరుసకూ చుట్టరికం కలిపి చెప్పేవాళ్లున్నారు. ఆ కొండల వరుస మాత్రం నిజమే. 2004 చివర్లో కస్సీని నౌక పంపిన ఛాయాచిత్రాల్లో బయటపడింది. కొన్నిచోట్ల 20 కిలోమీటర్ల ఎత్తు, అంటే ఎవరెస్టుకు రెండింతలు పైనే. అది ఎలా ఏర్పడిందన్నది శాస్త్రజ్ఞులు ఇంకా తేల్చుకోలేదు. ఒకప్పుడు దాని చుట్టూ తిరిగిన రాళ్ల వలయం కూలి పేరుకుందని ఒక వాదన.

చేలలోని వలయాల సంగతి మాత్రం తేలింది. 1991లో డగ్ బోవర్, డేవ్ చోర్లీ అనే ఇద్దరు మిత్రులు, 1970ల చివరి నుంచీ చెక్కపలక, తాడు పట్టుకుని తామే గోధుమ మొక్కలు వంచుతూ వచ్చామని పత్రికకు చెప్పి, వంచి చూపించారు కూడా. మనకు ఇందులో ఆశ్చర్యమేముంది? ధనుర్మాసం చీకట్లో లేచి, చుక్క తప్పకుండా వాకిలి నిండా ముగ్గు వేసే అమ్మలు కన్న బిడ్డలం.

మరి నజ్ద్ గుండ్రాలో? నడుమ బోరు, దానికి బిగించిన పొడవాటి గొట్టం. దానికి చక్రాలు. గానుగెద్దులా చుట్టూ తిరుగుతూ నీళ్లు చల్లుతుంది. నీరు అందినంత మేర పచ్చన, అందని మూలలు ఎండు. అమెరికాలో ఫ్రాంక్ జైబాక్ అనే రైతు దీనికి 1952లో పేటెంటు పొందాడు. ఆ నీరు వేల ఏళ్లనాడు కురిసి భూమిలో దాగిన వాన. నన్నడిగితే గీతకన్నా ఆ నీరే పెద్ద వింత. తోడినంత త్వరగా తిరిగి వూరదు.

ఆకాశంలోనూ గుండ్రాలున్నాయి. శని మరో చందమామ మీమాస్ అడ్డుకొలత దాదాపు 400 కిలోమీటర్లు. దాని మొహాన 130 కిలోమీటర్ల గుంట. ఉల్క ఏటవాలుగా వచ్చినా, ఆ వేగానికి తగిలినచోట పేలుతుంది, అందుకే గుంట గుండ్రంగా పడుతుంది. ఆ దెబ్బకు కొన్ని రాళ్లు పైకి ఎగిరి, మళ్లీ కిందపడవు.

అలా మన చందమామ నుంచి ఎగిరిన రాయి ఒకటి ఒమాన్‌కే వచ్చింది! 2002 జనవరిలో సైహ్ అల్ ఉహైమిర్ ఎడారిలో స్విట్జర్లండు శాస్త్రజ్ఞులకు దొరికింది. 206 గ్రాములు, గుప్పిట్లో ఇమిడే రాయి. 390 కోట్ల ఏళ్లనాటి మహా తాకిడిలో కరిగి గడ్డకట్టిందనీ, చంద్రుడిమీద లాలాండ్ బిలం పరిసరాల నుంచి వచ్చిందనీ 2004లో ప్రకటించారు. భూమిమీద పడి పదివేల ఏళ్లయినా కాలేదట. ఇక్కడి ఎడారి పొడిగా, తెల్లటి గులకరాళ్లతో వుంటుంది కనుక ఆకాశం నుంచి పడ్డ రాయి చెడిపోకుండా వుంటుంది, కంటికీ ఆనుతుంది.

పిక్నిక్కులకు వెళ్లే కుటుంబాలకు ఒక మాట. అలాంటి రాయి కనిపిస్తే సంచీలో వేసుకోకండి. అనుమతి లేకుండా దేశం దాటించటం ఇక్కడ నేరం.

ఇదంతా మావాడికి మొన్న చెప్పాను. చాలాసేపు ఆలోచించి అడిగాడు: "అయితే తాతయ్యా, ఆ రాయి ఎగిరినచోట కూడా గుంట గుండ్రంగానే పడి వుంటుందా?"

"పడే వుంటుందిరా" అన్నాను. ఈసారి నవ్వలేదు.