పిల్లల పుస్తకం, పెద్దల పేచీ

సుప్రీంకోర్టు తీర్పులో బొమ్మల కథ కనిపించడం ఎక్కడైనా అరుదే. అమెరికా సుప్రీంకోర్టు 2025 జూన్ 27న ఇచ్చిన మహమూద్ వర్సెస్ టేలర్ తీర్పులో అది కనిపిస్తుంది. మెజారిటీతో విభేదించిన జస్టిస్ సోనియా సోటోమేయర్ తన అభిప్రాయానికి ‘అంకుల్ బాబీస్ వెడ్డింగ్’ అనే పిల్లల పుస్తకాన్ని అనుబంధంగా చేర్చారు. క్లోయీ అనే చిన్నపిల్లకు బాబీ అంకుల్ అంటే ప్రాణం. ఆయనకు పెళ్లి కుదిరిందని తెలియగానే, ఇక తనతో ఆడుకునే తీరిక ఆయనకు ఉండదేమోనని పిల్ల బెంగపెట్టుకుంటుంది. పెళ్లాడబోయే జేమీ కూడా మగవాడే. ఆ సంగతి కథలో ఎవరికీ పట్టదు. కోర్టు దాకా వెళ్లిన గొడవ మాత్రం దాని గురించే.

ఈ పేచీ పుట్టింది వాషింగ్టన్ నగరాన్ని ఆనుకుని ఉన్న, మేరీలాండ్ రాష్ట్రంలోని మాంట్‌గోమరీ కౌంటీలో. దాదాపు లక్షా అరవై వేల మంది పిల్లలు చదివే విద్యా జిల్లా అది. అక్కడ కాపురముంటున్న తెలుగు కుటుంబాల పిల్లలూ ఆ బడులకే వెళ్తారు. 2022లో ఆ జిల్లా ఇలాంటి కథల పుస్తకాలు కొన్నిటిని చిన్న తరగతుల్లో ప్రవేశపెట్టింది. మొదట్లో తల్లిదండ్రులకు ముందుగా కబురు చేసి, వద్దన్నవాళ్ల పిల్లలను ఆ పాఠం నుంచి మినహాయించేవారు. 2023 మార్చిలో ఆ వెసులుబాటు ఎత్తేశారు. లైంగిక విద్య పాఠాల నుంచి బిడ్డను తప్పించే హక్కు మేరీలాండ్ చట్టంలోనే ఉంది. ఇవి లైంగిక విద్య కాదు, ఇంగ్లిషు వాచకంలో భాగం అని జిల్లా వాదించింది. పాఠం మానుకునేవాళ్లు మరీ ఎక్కువయ్యారనీ, పిల్లలు లేచి వెళ్లిపోతుంటే ఆ కథల్లోలాంటి కుటుంబాల నుంచి వచ్చిన బిడ్డలు చిన్నబుచ్చుకుంటారనీ కూడా చెప్పింది.

చిన్నబుచ్చుకుంటారన్న మాటలో నిజముంది. ఇద్దరు అమ్మలున్న ఇంటి కథ చదువుతుండగా పక్కన కూర్చున్న స్నేహితుడు లేచి బయటికి పోతే, అలాంటి ఇంటి నుంచే వచ్చిన ఏడేళ్ల బిడ్డకు ఏం అర్థమవుతుంది? అయినా ఒకసారి ఇచ్చిన హక్కును లాక్కుంటే ఏ తల్లిదండ్రులకైనా అనుమానం పుట్టక మానదు. ముస్లింలు, క్యాథలిక్కులు, ఉక్రెయిన్ ఆర్థడాక్స్ క్రైస్తవులు ఒక్కటై కోర్టుకెక్కారు. వ్యాజ్యం తేలేవరకు ముందుగా చెప్పాల్సిందే, వద్దన్నవాళ్లను వదిలేయాల్సిందే అని ఆరుగురు న్యాయమూర్తులు అన్నారు. ముగ్గురు కాదన్నారు.

2025 ఏప్రిల్ 22న ఈ కేసులో వాదనలు జరిగిన రోజు ముచ్చట ఒకటి గుర్తుంచుకోదగ్గది. ‘ప్రైడ్ పప్పీ’ అనే పుస్తకంలో పిల్లలు వెతికి పట్టుకోవాల్సిన బొమ్మల్లో అసభ్యమైనవి ఉన్నాయన్నట్టు జస్టిస్ నీల్ గోర్సచ్ అడిగారు. అది ఒక మహిళ వేసుకున్న తోలు జాకెట్ అని జిల్లా న్యాయవాది సరిదిద్దవలసి వచ్చింది. అంతటి ధర్మాసనం మీదే బొమ్మల పుస్తకం అలా తారుమారైతే, బడి గేటు దగ్గర ఫోనులో చక్కర్లు కొట్టే సందేశం ఎన్ని రూపాలు మారుతుందో ఊహించవచ్చు.

ఇంగ్లండులోని బర్మింగ్‌హామ్‌లో 2019లో అచ్చంగా అదే జరిగింది. పార్క్‌ఫీల్డ్ కమ్యూనిటీ స్కూలులో పిల్లలు దాదాపు అందరూ ముస్లిం కుటుంబాల వాళ్లే. సహాయ ప్రధానోపాధ్యాయుడు ఆండ్రూ మోఫట్ రూపొందించిన, స్వలింగ దంపతుల కుటుంబాలనూ పరిచయం చేసే ‘నో అవుట్‌సైడర్స్’ పాఠాలకు వ్యతిరేకంగా తల్లులు, తండ్రులు బడి ముందు వారాల తరబడి నిలబడ్డారు. బడి పాఠాలు ఆపేసింది. నిరసన ఆండర్టన్ పార్క్ ప్రైమరీ స్కూలుకూ పాకింది. ఆ బడి గేటు ముందు నిరసనలను నిషేధిస్తూ నవంబరులో హైకోర్టు ఉత్తర్వు ఇచ్చింది. బడిలో చెబుతున్నదాన్ని నిరసనకారులు బాగా వక్రీకరించారని కూడా తేల్చింది. పార్క్‌ఫీల్డ్ మాత్రం తల్లిదండ్రులతో కూర్చుని మాట్లాడి, మార్చిన పాఠాలతో ఆ ఏడాదే మళ్లీ మొదలుపెట్టింది. రెండు బడుల్లో మనకు ఎక్కువ నేర్పేది పార్క్‌ఫీల్డే.

మన దేశంలో కథ ఇంకో దారి పట్టింది. ఇక్కడ పుస్తకం తెరవకముందే మూసేస్తారు. కౌమార విద్యా కార్యక్రమాన్ని 2007లో పలు రాష్ట్రాలు ఆపేశాయి. వెంకయ్యనాయుడు అధ్యక్షతన పనిచేసిన రాజ్యసభ పిటిషన్ల కమిటీ బడుల్లో లైంగిక విద్యే వద్దని 2009లో నివేదించింది. ట్రాన్స్‌జెండర్ పిల్లలను బడి ఎలా అక్కున చేర్చుకోవాలో చెబుతూ ఎన్‌సీఈఆర్‌టీ 2021లో ఉపాధ్యాయుల కోసం ఒక కరదీపిక వెలువరించింది. బాలల హక్కుల కమిషన్ అభ్యంతరం చెప్పగానే, రోజుల వ్యవధిలో అది వెబ్‌సైటు నుంచి మాయమైంది. దాని మీద ఒక్క బడిలోనైనా చర్చ జరగనివ్వాల్సింది.

ఇదంతా జరుగుతున్నప్పుడు చేతిలో ఉన్న లెక్కలేమిటి? కేంద్ర మహిళా శిశు అభివృద్ధి శాఖ 2007లో 13 రాష్ట్రాల్లో 12 వేలకు పైగా పిల్లలను అడిగి అధ్యయనం చేయిస్తే, 53 శాతం మంది ఏదో ఒక రకమైన లైంగిక వేధింపు ఎదుర్కొన్నామన్నారు. ఎక్కువగా బయటపడిన రాష్ట్రాల్లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ఒకటి. వేధించినవాళ్లలో దాదాపు సగం మంది తెలిసినవాళ్లే, నమ్మినవాళ్లే.

ఇప్పుడు ఒక తెలుగింటి పిల్లాడిని చూద్దాం. రెండో తరగతి. ముక్కేది, మోచేయేది అంటే టకటకా చూపిస్తాడు. ఒంట్లో ఒక్క భాగానికి మాత్రం వాడికి ‘షేమ్ షేమ్’ తప్ప వేరే పేరు తెలియదు. అక్కడ ఎవరైనా చెయ్యివేస్తే వాడు అమ్మకు ఏ మాటతో చెప్పుకోవాలి? అదే పిల్లాడికి ‘ఆడంగి’ అనే మాట బాగా తెలుసు. నడక కాస్త మెత్తగా ఉన్న తోటి పిల్లవాడిని ఏడిపించడానికి దాన్ని ఎలా వాడాలో కూడా తెలుసు. ‘నర్తనశాల’లో ఎన్టీ రామారావు బృహన్నలగా నర్తిస్తే ఇంటిల్లిపాదీ కూర్చుని మెచ్చుకుంటూ చూశారు. ఆ పేరే తరగతి గదిలో తిట్టు.

పిల్లలకు ఈ విషయాలు తెలియవనుకోవడం భ్రమ. తిట్టు రూపంలో, భయం రూపంలో అవి ముందే చేరిపోతున్నాయి. ఆరేళ్లకు ఒంటి భాగాల పేర్లు, వద్దు అని గట్టిగా చెప్పడం, ఎవరినీ నడకను బట్టి ఎగతాళి చేయకపోవడం చాలు. మిగతావి వయసును బట్టి పదేళ్లకు కొంత, పద్నాలుగేళ్లకు కొంత. లైంగిక విద్య తొమ్మిదో తరగతి దాకా ఆగకుండా చిన్న వయసు నుంచే మొదలుకావాలని మన సుప్రీంకోర్టు కూడా 2025 అక్టోబరులో చెప్పింది.

2024 డిసెంబరు 7న ఆంధ్రప్రదేశ్‌లోని ప్రభుత్వ బడులన్నింటిలో ఒకే రోజు తల్లిదండ్రుల సమావేశాలు జరిగాయి. అమ్మలు, నాన్నలు, నాయనమ్మలు కూడా వచ్చి పిల్లల బల్లల మీద కూర్చున్నారు. ఈ సభలో ఉన్న ఉపాధ్యాయులకు ఒక్క విన్నపం. ఈసారి అలాంటి సమావేశం పెట్టినప్పుడు, ఒంటి గురించి పిల్లలకు చెప్పబోయే పాఠాన్ని ముందుగా ఆ పెద్దల చేతికివ్వండి. మొదటి పేజీ నుంచి చివరి పేజీ దాకా వాళ్ల ఎదుటే చదివి వినిపించండి. వాళ్లడిగే ప్రశ్నలన్నీ అయ్యాకే పిల్లల తరగతి మొదలుపెట్టండి.