కొట్టు వేళలు, కొట్టం వేళలు

(పాల సంఘాల సభ్యుల శిక్షణ తరగతిలో చేసిన ప్రసంగ పాఠం)



చిల్లర వ్యాపారం చేసేవారు కాలాన్ని ఎలా వాడుకోవాలో నాలుగు మాటలు చెప్పమని మమ్మల్ని పిలిచారు. మేము భార్యాభర్తలం. ఊళ్ళో పాల కేంద్రానికి ఎదురుగా మాకు చిన్న కిరాణా కొట్టు ఉంది. ఇంటి వెనుక కొట్టంలో మూడు గేదెలు ఉన్నాయి. మీలో చాలామందికి పాడితోపాటు కొట్టో, టీ బంకో, దాణా దుకాణమో ఉంటుంది. అందుకని మేము పోగొట్టుకున్నదీ, తర్వాత సరిదిద్దుకున్నదీ చెప్పిపోదామని వచ్చాం.

తెల్లవారుజామున 5 గంటలకు కొట్టు తీస్తే రాత్రి 10 గంటలకు మూసేవాళ్ళం. మధ్యలో తలుపు వేసిన రోజు లేదు. వేస్తే బేరం పై వీధి కొట్టుకు పోతుందని భయం. పదిహేడు గంటలు కష్టపడుతున్నామని కొంత గర్వం కూడా ఉండేది, దాచుకోవడం ఎందుకు!

మా పెద్ద గేదె ఒక ఆషాఢంలో ఈనింది. ఈనిన 60 నుంచి 90 రోజుల్లోపల మళ్ళీ కట్టించాలని మన తరగతుల్లో ఎన్నోసార్లు విన్నాం. కాని తొమ్మిదో నెల వచ్చినా అది చూలు కట్టలేదు. పాలు తగ్గిపోయాయి. గర్భకోశం జబ్బేమోనని పశువైద్యశాలకు తోలుకుపోయాం. డాక్టరుగారు చేయి పెట్టి చూసి, “గేదె బాగానే ఉంది. మీ ఇంట్లో ఎద ఎవరు చూస్తున్నారు?” అన్నారు. మేమిద్దరం ఒకరి ముఖం ఒకరం చూసుకున్నాం.

గేదెది మూగ ఎద. ఆవులాగా అందరికీ తెలిసేట్టు గోల చేయదు. చేసే కాస్తా రాత్రిపూట, తెల్లవారుజామున చల్లటి వేళల్లో చేస్తుంది. సరిగ్గా ఆ వేళకు మేము కొట్టులో త్రాసు ముందు ఉండేవాళ్ళం. పాలు పిండే మనిషి వచ్చి పిండి వెళ్ళిపోయేవాడు. రాత్రి గేదె అరిచిందని మా అమ్మ రెండుసార్లు చెప్పింది. “ఈ రద్దీ తగ్గనీ అమ్మా, చూద్దాం” అన్నాం. రద్దీ తగ్గేసరికి మాట మరిచాం. ఒక ఎద తప్పితే మళ్ళీ 21 రోజులు ఆగాలి. తొంభయ్యో రోజు దాటాక ఆరు నెలలు గడిచాయంటే ఎనిమిది అవకాశాలు పోయాయన్నమాట. అందులోనూ గేదెలు బాగా ఎదకొచ్చే చలికాలం పోయింది. అది గడ్డి, తౌడు తినడం మాత్రం ఒక్క పూటా మానలేదు.

ఆ కోపంతో ఒక నోటు పుస్తకం తీశాం. ఇరవై రోజులపాటు ఏ గంటలో ఎంత అమ్మకమో రాశాం. ఉదయం పాలు పోసి ఖాళీ క్యానుతో వచ్చేవాళ్ళు 8 గంటల వరకు, సాయంత్రం మళ్ళీ 5 నుంచి 8 వరకు కొన్నదే మా వ్యాపారం. మధ్యాహ్నం 12 నుంచి 4 వరకు ఒక అగ్గిపెట్టె, ఒక షాంపూ పొట్లం, గంటసేపు కబుర్లు. ఆ అగ్గిపెట్టె కొన్న మనిషి 4 గంటలకైనా వచ్చేవాడే. (మా కొట్టు పాల కేంద్రం గడియారం మీదే నడుస్తుందని అప్పుడే తెలిసింది. వ్యాను ఆలస్యమైన రోజున పాలు పులుస్తాయేమోనని మీకెంత భయమో, మా బేరమంతా చెదురుతుందని మాకూ అంతే.)

మధ్యాహ్నం కొట్టు మూయడం మొదలుపెట్టాం. మూసిన మొదటి గంటలో పంచదార, పప్పులు పావుకిలో, అరకిలో పొట్లాలు కట్టి పెడతాం. ఉదయం త్రాసు దగ్గర గడిచే సమయం సగానికి సగం తగ్గింది. సరుకు అయిపోయినప్పుడల్లా పట్నం పరుగెత్తడం మాని, వారానికి ఒకసారి చీటీ రాసుకుని టోకు దుకాణానికి వెళుతున్నాం. అరువు ఖాతాలు రద్దీలో తిరగేయడం మానేశాం. పాల బిల్లు బ్యాంకు ఖాతాల్లో పడిన మరునాటి సాయంత్రం అందరి లెక్కలూ ఒకేసారి చూస్తాం. ఫోనులో డబ్బు పంపేవాళ్ళు వచ్చాక ఆ పని ఇంకా తేలికైంది.

ఇదంతా సాఫీగా జరగలేదు. మొదటి వారం తలుపులు బాదారు. “పెద్ద షావుకార్లయ్యారు” అని ఒక పెద్దాయన కోప్పడి వెళ్ళాడు. ఆయన ఇప్పటికీ మా కొట్టుకు రాడు. మొదటి నెల అమ్మకం కొంత తగ్గిన మాట నిజం. రెండో నెలకు సర్దుకుంది.

మిగిలిన వేళను కొట్టానికి ఇచ్చాం. తెల్లవారుజామున ఒకరు కొట్టులో ఉంటే ఇంకొకరు గేదెల దగ్గర. రాత్రి 9 గంటలకే కొట్టు మూసి, పడుకునే ముందు టార్చి లైటుతో మళ్ళీ చూస్తాం. తీగ వేసిందా, మాటిమాటికి మూత్రం పోస్తోందా, మేత తగ్గిందా, పాలు ఎగ్గొట్టిందా అని. కొట్టం గోడకు క్యాలెండరు తగిలించి, తీగ కనిపించిన రోజున గుర్తు పెట్టి, 18వ రోజు నుంచి ఇంకా జాగ్రత్తగా చూస్తాం.

ఆ వేసవంతా గేదె ఏ గుర్తూ చూపలేదు. వానలు పడ్డాక ఒకరోజు సన్నగా తీగ కనిపించింది. అప్పటికే ఆలస్యమైంది. గుర్తు పెట్టాం. ఇరవయ్యో రోజు, శ్రావణ మాసంలో, తెల్లవారుజామున మళ్ళీ తీగ వేసి అరిచింది. ఉదయం ఎద కనిపిస్తే సాయంత్రం, సాయంత్రం కనిపిస్తే మరునాటి ఉదయం సూది వేయించాలని మీకూ తెలుసు. ఆ రోజు మా ఇంటావిడ పుట్టింట్లో పెళ్ళికి వెళ్ళింది. సాయంత్రం 5 గంటలు, కొట్టు ముందు పది మంది. తాళం వేసి గేదెను తోలుకుపోవలసి వచ్చింది. ఏడాది కిందట అయితే ఆ పని చేసేవాళ్ళం కాదు.

రెండు నెలలు దాటాక పరీక్ష చేసి చూడి అన్నారు. గేదె చూడి కాలం దాదాపు 310 రోజులు. జ్యేష్ఠంలో పెయ్య దూడ పుట్టింది. రెండు ఈతల మధ్య దాదాపు రెండేళ్ళు గడిచాయి. ఆ నష్టం ఏ కొట్టు లాభంతోనూ పూడలేదు.

ఈసారి ఈనిన రోజునే క్యాలెండరులో అరవయ్యో రోజుకు ఎర్ర సిరాతో సున్న చుట్టాం. అది వచ్చే మంగళవారం. సాయంత్రం పాల వేళకు ఊరు చేరాలి గనుక సెలవు తీసుకుంటున్నాం.