శాన్ మరీనో రిపబ్లిక్: ఆరు నెలల అధికారం

(సంఘ వార్షిక సర్వసభ్య సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



పిల్లలకూ పెద్దలకూ పనికివచ్చే విషయం ఏదైనా చెప్పమని కార్యదర్శిగారు కోరారు. నేను బడిలో ఉర్దూలో చరిత్ర, పౌరశాస్త్రం చెప్పేవాణ్ణి. పెద్ద దేశాల ప్రభుత్వాల గురించి పాఠ్యపుస్తకాల్లో బోలెడంత వుంటుంది. అందుచేత ఈ రోజు ఒక బుల్లి దేశాన్ని గురించి మనవి చేస్తాను. మరి కాసేపట్లో మనం కొత్త కార్యవర్గాన్ని ఎన్నుకోబోతున్నాం గనుక, ఈ మాటలు ఈ పూటకు తగినవే అనుకుంటున్నాను.

ఆ దేశం పేరు శాన్ మరీనో. నాలుగు వైపులా ఇటలీయే. మధ్యలో తితానో అనే కొండ, కొండ మీద మూడు బురుజులు. విస్తీర్ణం 61 చదరపు కిలోమీటర్లు. జనాభా సుమారు 34 వేలు. అంటే మన దగ్గర ఒక మోస్తరు పట్టణంలో వుండేంత జనం. సముద్రం లేదు, పెద్ద సైన్యం లేదు. అయినా ఐక్యరాజ్య సమితిలో 1992 నుంచి దానికొక కుర్చీ వుంది.

సామాన్య శకం 301లో మరీనుస్ అనే రాళ్ళు చెక్కే కూలిమనిషి ఆ కొండ మీద ఈ సమాజానికి పునాది వేశాడని అక్కడివారి నమ్మకం. అది గాథ. కాగితం మీద కనిపించే చరిత్ర 13వ శతాబ్దం నుంచి వుంది. 1243 నాటికే ఇద్దరు మనుషులు కలిసి ఆ దేశానికి పెద్దలుగా వున్నారు. ఈనాటికీ దేశాధినేతలు ఇద్దరే! వీరిని రీజెంట్ కెప్టెన్లు అంటారు.

ఇద్దరెందుకు, ఒకరు చాలదా అని మీరు అడగవచ్చు. అసలు కిటుకంతా అక్కడే వుంది. ఇద్దరికీ సమానమైన హోదా. ఏ పని చేసినా ఇద్దరూ ఒప్పుకొని చేయాలి. ఒకరు తీసుకున్న నిర్ణయాన్ని రెండోవారు ఆపగలరు. తరచుగా ఇద్దరూ వేరు వేరు పార్టీల వారై వుంటారు. పైగా వీరి పదవీకాలం ఆరు నెలలు మాత్రమే. ఏప్రిల్ 1న ఒక జంట, అక్టోబరు 1న ఇంకొక జంట గద్దె ఎక్కుతారు. దిగిపోయిన వారు మూడేళ్ళు గడిచే వరకు మళ్ళీ ఆ పదవికి ఎన్నిక కాకూడదు. కుర్చీ వెచ్చబడేలోగా లేవాలన్నమాట.

దిగిపోవటంతో కథ ముగియదు. గడువు తీరిన రీజెంట్ల మీద ఏ ఓటరైనా ఫిర్యాదు పెట్టవచ్చు. చేసిన తప్పు పని గురించే కాదు, చేయవలసి వుండి చేయకుండా వదిలేసిన పని గురించి కూడా. ఈ రెండో మాటను గమనించండి. "నేనేమీ తినలేదు సాబ్" అంటే అక్కడ సరిపోదు, "ఏమీ చేయలేదు కూడా కదా" అని అడుగుతారు. మనం అమానత్ అంటామే, దాని అర్థం ఇదే. అప్పగించిన సొమ్మును తాకకుండా వుండటం సగం అమానత్. దాన్ని ఏ పనికోసం అప్పగించారో ఆ పని చేయటం మిగతా సగం.

ఇంకొక మంచి ఆచారం వుంది. పూర్వం ఇంటి యజమానులంతా ఒకచోట చేరి దేశం సంగతులు తేల్చుకునేవారు. ఆ సభ పేరు అరెంగో. తరువాత ఆ అధికారం ఒక కౌన్సిల్ చేతికి పోయింది. కాని అర్జీ పెట్టుకునే హక్కు మాత్రం ప్రజల దగ్గరే మిగిలింది. కొత్త రీజెంట్లు వచ్చిన తరువాత మొదటి ఆదివారంనాడు పౌరులు ప్రభుత్వ భవనానికి వెళ్ళి, ప్రజాహితానికి సంబంధించిన అర్జీలను వారి చేతికి ఇస్తారు. అంగీకరించిన అర్జీని కౌన్సిల్ ఆ ఆరు నెలల్లోనే చర్చించి అవునో కాదో తేల్చాలి. అర్జీని అటక మీద పారేయటానికి వీల్లేదు.

చట్టాలు చేసేది 60 మంది సభ్యుల గ్రాండ్ అండ్ జనరల్ కౌన్సిల్. రీజెంట్లను ఎన్నుకునేది కూడా ఇదే. రోజువారీ పాలన చూసేది స్టేట్ కాంగ్రెస్, అంటే మంత్రివర్గం. మంత్రుల సంఖ్య పదికి మించదు. పాలన పద్ధతికి మూలం 1600 నాటి శాసన గ్రంథాలు. వాటికి కాలానుగుణంగా ఇతర చట్టాలు చేర్చుకుంటూ వచ్చారు.

న్యాయస్థానం సంగతి మరీ ముచ్చటైనది. చిన్న ఊళ్ళో అందరూ అందరికీ చుట్టాలే. జడ్జీ ముందుకు వచ్చిన ముద్దాయి ఆయనకు మేనల్లుడో, బావమరిదో అవుతాడు. అందుకని శతాబ్దాల పాటు వారు న్యాయం చెప్పటానికి పొరుగు దేశం నుంచి మనుషులను పిలిపించుకున్నారు. తమవారిలో మంచివారు లేక కాదు. మంచివాడిని కూడా బంధుత్వం ఇరకాటంలో పెడుతుందని ఎరిగి చేసిన ఏర్పాటు.

ఇదంతా విని అక్కడ స్వర్గం వుందనుకోకండి. ఉన్నది వున్నట్టు చెప్పాలి. ఒకప్పటి కౌన్సిల్‌లో ఖాళీలను లోపలి వారే భర్తీ చేసుకునేవారు. అలా కొన్ని కుటుంబాల పెత్తనం సాగింది. చివరకు 1906 మార్చి 25న ఇంటి యజమానులంతా మళ్ళీ అరెంగోగా కూడి, ఇకమీదట కౌన్సిల్‌ను ప్రజలే ఎన్నుకోవాలని తీర్పు చెప్పారు. 1923 నుంచి 1943 దాకా ఫాసిస్టు పార్టీ రాజ్యమేలింది. రీజెంట్లు ఆరు నెలలకొకసారి మారుతూనే వున్నారు, కాని పార్టీ మారలేదు. నియమం ఒక్కటే వుండి ప్రశ్నించే నోరు లేకపోతే ఏమవుతుందో దీనివల్ల తెలుస్తుంది. ఇక ఆడవారి మాట. అంత పాత రిపబ్లిక్‌లో స్త్రీలు మొదటిసారి ఓటు వేసింది 1964లో. పదవులకు అర్హత దొరికింది 1973లో. ఒక మహిళ రీజెంట్ అయింది 1981లో. ఆ తరువాతి కాలంలో బ్యాంకుల గోప్యత వల్ల పన్ను ఎగవేసేవారికి ఆశ్రయమనే చెడ్డపేరు వచ్చింది. పద్ధతులు దిద్దుకున్నాకే, 2014లో, ఇటలీ తన నల్లజాబితా నుంచి వారిని తీసేసింది.

ఇంత చిన్న దేశాన్ని ఎవరూ మింగేయలేదేమి? ప్రయత్నం జరిగింది. 1739లో కార్డినల్ అల్బెరోనీ సైనికులతో వచ్చి ఆక్రమించి, తమకు విధేయులమని ప్రమాణం చేయమన్నాడు. కొందరు నిండు సభలో నిరాకరించారు. పోప్‌కు మొర పెట్టుకున్నారు. 1740 ఫిబ్రవరిలో స్వాతంత్ర్యం తిరిగి వచ్చింది. 1797లో నెపోలియన్ స్నేహపూర్వకంగా, మీ సరిహద్దులు పెంచుతాను, భూమి ఇస్తాను అన్నాడు. వారు షుక్రియా చెప్పి, భూమి మాత్రం వద్దన్నారు. ఈరోజు పుచ్చుకున్న పొరుగువాడి భూమి రేపటి తగాదా అని వారికి తెలుసు. రెండవ ప్రపంచయుద్ధంలో తటస్థంగా వున్నా, 1944 జూన్ 26న బ్రిటిష్ విమానాల బాంబులకు 63 మంది చనిపోయారు. అటువంటి రోజుల్లోనే, సుమారు 15 వేల జనాభా వున్న ఆ దేశం దాదాపు లక్ష మంది శరణార్థులకు చోటిచ్చింది. రైలు సొరంగాల్లో సైతం మనుషులను దాచుకున్నారు. చిన్నతనం విస్తీర్ణంలోనే గాని మనసులో లేదు.

హజరాత్! మనది దేశం కాదు, ఒక సంఘం. కాని మన పెట్టెలో వున్నది కూడా నలుగురి సొమ్మే. రిక్షా తొక్కే భాయి ఇచ్చిన అయిదు రూపాయలు కూడా అందులో వున్నాయి. అందుచేత మూడు విన్నపాలు చేస్తాను. ఒకటి, దిగిపోయే కార్యవర్గం ఖర్చయిన పద్దులతోబాటు, తీర్మానించి కూడా చేయలేకపోయిన పనుల జాబితా చదవాలి. రెండు, పిల్లల స్కాలర్‌షిప్ అర్జీలు చూడటానికి, ఈ ఊళ్ళో బంధుత్వం లేని ఇద్దరు బయటి ఉపాధ్యాయులను పిలవాలి. కాదన్నప్పుడు కారణం రాసి ఇవ్వాలి. మూడు, చందా రసీదుల్లో మన అక్కచెల్లెళ్ళ పేర్లు వున్నాయి. కార్యవర్గం జాబితాలో ఒక్క పేరూ లేదు. శాన్ మరీనో వారు చేసినంత ఆలస్యం మనం చేయవద్దు.

ఇవాళ పదవి అందుకునే సోదరులకు ముందుగానే ముబారక్ చెబుతున్నాను. వచ్చే ఏడాది ఇదే సభలో హిసాబ్ అడిగేవారిలో నేనూ వుంటాను. అడిగినందుకు వారు నొచ్చుకోరనే నా నమ్మకం.