పాట వాళ్లది, గొంతు మనది



బోధన్‌కు వచ్చి శక్కర్‌నగర్ పేరెత్తకుండా మాట్లాడటం నా వల్ల కాదు. మంజీర మీద నిజాంసాగర్ కట్టాక ఈ నేలకు నీళ్లొచ్చాయి, నీళ్ల వెంట చెరకు వచ్చింది, 1937లో శక్కర్‌నగర్‌లో నిజాం షుగర్ ఫ్యాక్టరీ వచ్చింది. ఒకప్పుడు ఆసియాలోనే పెద్ద చక్కెర ఫ్యాక్టరీల్లో ఒకటిగా దానికి పేరుండేది. 2015 డిసెంబర్‌లో తాళం పడింది. ఇవ్వాళ పట్టాలు అందుకోవడానికి ఈ హాల్లో కూర్చున్న మీలో చాలామంది తాతలు ఆ మిల్లులోనో బాయిలర్ దగ్గరో చెమటోడ్చినవాళ్లు, లేదంటే బండ్ల మీద చెరకు తోలినవాళ్లు. బస్తా మీద ఫ్యాక్టరీ పేరుండేది. చక్కెర తిన్నవాళ్లకు మీ తాతల పేర్లు తెలియవు. అయినా వాళ్లు పని నాసిగా చేయలేదు.

చదువు అయిపోయాక మీలో ఎక్కువ మంది చేయబోయేది కూడా అలాంటి పనే. ఇంకొకరి కంపెనీ, ఇంకొకరి ప్రాజెక్టు, ఇంకొకరి బడి. ఆ పనిలో మనిషి తన గొంతును ఎలా నిలుపుకుంటాడన్నదే నేను చెప్పాలనుకుంటున్న మాట. అందుకు ఇద్దరు గాయకుల కథ చెబుతాను. ఒకరు జపాన్ అమ్మాయి, ఒకరు మన హైదరాబాద్ పిల్లడు.

మీ ఫోన్లలో 'డీమన్ స్లేయర్' అనే జపాన్ యానిమే, అంటే కార్టూన్ సిరీస్, చూసినవాళ్లు చాలామందే ఉంటారు. దాని సినిమా 2025 సెప్టెంబర్‌లో తెలుగు మాటలతోనూ థియేటర్లకు వచ్చింది. ఆ సిరీస్ మొదట్లో వచ్చే 'గురెంగె' పాట పాడింది లిసా. గిఫు ప్రాంతంలోని సెకి అనే ఊళ్లో 1987లో పుట్టింది. మన నిర్మల్‌కు కొయ్యబొమ్మల పేరున్నట్టు ఆ ఊరికి కత్తుల తయారీ పేరు. హైస్కూల్ రోజుల్లో స్నేహితులతో బ్యాండ్ కట్టుకుని పాడింది, తర్వాత టోక్యో చేరింది. 2010లో 'ఏంజెల్ బీట్స్' అనే యానిమే వచ్చింది. అందులో రాక్ బ్యాండ్‌లో పాడే యుయి అనే అమ్మాయి పాత్ర ఉంది. ఆ పాత్ర మాటలు వేరే నటి చెప్పింది. పాటలు మాత్రం లిసా పాడింది. అంటే జపాన్ జనం ఆ గొంతును మొదట ప్రేమించింది ఒక బొమ్మ పేరుతో.

టీవీ యానిమేలో మొదటి పాటకు ఇచ్చే సమయం సుమారు 90 సెకన్లు. కథ తనది కాదు, బొమ్మలు తనవి కావు, ఏ క్షణంలో టైటిల్ పడాలో కూడా ఇంకెవరో నిర్ణయిస్తారు. ఆ కాస్త సమయంలో, తర్వాత రాబోయే సుమారు ఇరవై నిమిషాల కథకు పిల్లల గుండెను సిద్ధం చేయాలి. లిసా ఆ కొలతను చిన్నచూపు చూడలేదు. 2011లో సొంత పేరుతో ఆల్బమ్ తెచ్చింది, మరోవైపు యానిమే పాటలూ పాడుతూనే ఉంది. చాలా పాటలకు సాహిత్యం తనే రాసుకుంది. 2019లో వచ్చిన 'గురెంగె' మాటలు ఆమెవే. ఆ మరుసటి ఏడు వచ్చిన 'డీమన్ స్లేయర్' సినిమాకు 'హొమురా' పాటను స్వరకర్త యుకి కజియురాతో కలిసి రాసింది. ఆ పాటకు 2020 జపాన్ రికార్డ్ అవార్డుల్లో అత్యున్నత పురస్కారం దక్కింది. కార్టూన్ పాటలని పక్కన పెట్టే పెద్దలు అక్కడా ఉన్నారు. వాళ్లకు ఆ పురస్కారమే జవాబని నేననుకుంటాను.

ఇక మన రాహుల్ సిప్లిగంజ్. హైదరాబాద్ గల్లీల పిల్లడు. నాయిన మంగలి దుకాణం నడిపేవారు, రాహుల్ అందులో చెయ్యి సాయం చేసేవాడు. పండిట్ విఠల్ రావు గారి దగ్గర ఏళ్ల తరబడి గజల్ నేర్చుకున్నాడు. 2009లో 'జోష్' సినిమాలో పాడాడు. తర్వాత 'ఈగ', 'రంగస్థలం' సినిమాల్లో వాటి పేరు మోగే పాటల్లోనూ గొంతు కలిపాడు. తెర మీద ముఖం మాత్రం వేరే వాళ్లది.

ఆ ఏళ్లలోనే ఇంకొక పని కూడా చేసుకుంటూ వచ్చాడు. 'మగజాతి', 'పూర్ బాయ్', 'గల్లీ కా గణేశ్', 'దావత్' లాంటి సొంత పాటలు చేసి యూట్యూబ్‌లో పెట్టాడు. ఏ నిర్మాతా అడగలేదు, ఏ హీరోకూ సరిపోవాల్సిన పని లేదు. తను ఇంట్లో, అడ్డా మీద మాట్లాడే మాటే అందులో ఉంది. గజల్ నేర్చుకున్నవాడు గల్లీ పాట పాడితే దిగజారినట్టేనని అనేవాళ్లున్నారు. నేను ఒప్పుకోను. ఊపిరి ఎక్కడ పట్టాలో, ఎక్కడ వదలాలో నేర్పేది ఆ గజల్ సాధనే. మాటకు ఊపు నేర్పింది గల్లీ. రెండూ కలిస్తేనే 'ఆర్ఆర్ఆర్' సినిమాలోని 'నాటు నాటు' లాంటి పరుగులో ఒక్క అక్షరం కూడా చెదరకుండా పాడటం కుదిరింది.

ఆ పాట రాసిన చంద్రబోస్ గారు చల్లగరిగె అనే పల్లెలో పుట్టారు. కీరవాణి గారు స్వరం కట్టారు. రాహుల్, కాలభైరవ పాడారు. తెర మీద ఇద్దరు హీరోలు ఆడారు. 2023 మార్చి 12న లాస్ ఏంజెలెస్‌లో, డాల్బీ థియేటర్‌లో, ఆస్కార్ వేదిక మీద ఆ పాట మోగినప్పుడు హీరోలు వేదిక ఎక్కలేదు. రాహుల్, కాలభైరవ నిలబడి పాడారు, చుట్టూ డాన్సర్లు ఆడారు, పాట అయ్యేసరికి హాలంతా లేచి నిల్చుంది. తెర వెనక పాడే గొంతులకు ముఖాలు దొరికిన రాత్రి అది. వీలుంటే ఆ వీడియో మళ్లీ చూడండి. వాళ్లిద్దరిలో బెరుకు కనబడదు. అలవాటైన పని చేస్తున్నవాళ్లలా పాడారు.

లిసా దేశానికీ ఆ పాట చేరింది. 'ఆర్ఆర్ఆర్' జపాన్‌లో 2022 అక్టోబర్ 21న విడుదలై నెలల తరబడి ఆడింది. అంతకుముందు అక్కడ భారతీయ సినిమాల వసూళ్లలో రజనీకాంత్ 'ముత్తు'ది పైచేయి. ఆ రికార్డునూ దాటేసింది. 2024 జనవరిలో అందరూ ఆడవాళ్లే నటించే తకరాజుకా బృందం దాన్ని రంగస్థలం మీదికి తెచ్చింది. హీరోల్లో ఒకడైన భీమ్ వేషం కూడా అమ్మాయే కట్టింది.

తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, ఇంత చెప్పింది మీరంతా గాయకులు కావాలని కాదు. రేపు ఉద్యోగంలో మీకూ ఒక తొంభై సెకన్లు ఇస్తారు. మీ పేరు పడకపోవచ్చు. ఆ కాస్త పనిని పూర్తిగా మీదనుకుని చేయండి. దాంతోపాటు ఎవరూ అడగని పని ఒకటి మీకోసం పెట్టుకోండి. మీ ఊరి ఒగ్గు కథలు రికార్డు చేస్తారో, చెరకు రైతుల లెక్కలకు ఫోన్‌లో యాప్ తయారు చేస్తారో, కవిత్వమే రాస్తారో మీ ఇష్టం. నెల జీతం వస్తోంది కదా అని దాన్ని వదిలేస్తే మాత్రం, రేపెవరైనా వచ్చి మీ గొంతు కావాలని అడిగినప్పుడు ఇవ్వడానికి మీ దగ్గర ఏమీ మిగలదు. రాహుల్‌ను సినిమా వాళ్లు వెతుక్కుంటూ వచ్చింది ఆ గల్లీ గొంతు కోసమే.

తల్లిదండ్రులకు ఒక్క మనవి. కొడుకో బిడ్డో ఉద్యోగం చేసుకుంటూ సాయంత్రాలు ఏదో రాసుకుంటుంటే, పాడుకుంటుంటే, ఇదెందుకని అడగకండి. ఆ గంట వాళ్లకు వదిలేయండి.

సాయంత్రం విద్యార్థుల పాటల కార్యక్రమం ఉందని ప్రిన్సిపాల్ గారు చెప్పారు. చివరిదాకా ఉండి వింటాను. సొంతంగా రాసుకున్న పాట ఎవరి దగ్గరున్నా మొహమాటపడకుండా పేరివ్వండి, ముందు వాళ్లకే మైకు ఇమ్మని అడుగుతాను. ఇప్పుడు వరసగా రండి, పట్టాలు అందుకోండి.