పసిబిడ్డల బువ్వాలాటయు నేటి యంత్రములును



మన చిన్ననాట కొబ్బరిచిప్పలలో నిసుక పోసి బువ్వ వండితిమి, ఆకులలో వడ్డించితిమి, బొమ్మలకు పెండ్లి చేసి, మగపెండ్లివారమని యలిగితిమి. గుజ్జనగూళ్లనియు, బువ్వాలాటయనియు వీనికి పేళ్లు. నేడు మీ మనుమలు, మనుమరాండ్రు పలువురు పట్టణములందు పెరుగుచున్నారు. హైదరాబాదునకు వాయవ్యమున నున్న ప్రగతి నగరునే తీసికొనుడు. 1998లో సైబర్ టవర్స్ తెరచిన పిమ్మట హైటెక్ సిటీ ప్రాంతమున కొలువులు పెరిగినవి. ఆ కొలువులకు బోవు తలిదండ్రులనేకులు ప్రగతి నగరున కాపురముందురు. అంతస్తుల యిండ్లలో నిసుక దొరకదు. మూడేండ్ల బిడ్డకు ఫోను మాత్రము సులభముగా దొరకును.

బువ్వాలాట పోయిన పోవునదేమి? అంగడియాట నాడుటకు, "నీవు కొనుము, నేనమ్మెదను" అని యిద్దరు బిడ్డలు మొదట ఒడంబడవలెను. బెల్లపుముక్క సరకైనచో దానిని నోట వేసికొనక తూచి యీయవలెను. రష్యాదేశపు మనశ్శాస్త్రజ్ఞుడు వైగోట్‌స్కీ 1933లో నిచ్చిన యుపన్యాసమున, బిడ్డ యాటలోని నియమమునకై తన కోరికను తానే యడచుకొనుననియు, ఆటయందు తన వయసును మించి ప్రవర్తించుననియు చెప్పెను. ఫోనులోని బొమ్మ యీ విద్య నేర్పలేదు. అది యలుగదు, "ఇప్పుడు నా వంతు" అని పట్టుబట్టదు.

అట్లని యంత్రమును వెలివేయ బనిలేదు. న్యాయపతి రాఘవరావు, కామేశ్వరి దంపతులు రేడియో అన్నయ్య, అక్కయ్యలై బిడ్డలచేతనే పాడించిరి, ఆడించిరి. రేడియోయు యంత్రమే గదా! బిడ్డను వినువానిగానే యుంచక, ఆటలోనికి దింపుటయే వారి నేర్పు.

మీరును ఫోను నట్లే వాడవచ్చును. ముఖము గానవచ్చు ఫోనులో మనుమరాలు పిలిచినప్పుడు, "అన్నము తింటివా?" యని యడిగి యూరకుండక, "మాకేమి వండితివమ్మా?" యని యడుగుడు. ఆమె ఖాళీగిన్నె చూపినచో, "పులుసులో నుప్పు తగ్గినది" యనుడు. పొరుగింటి బిడ్డను గూడ వంటకు బిలువుమనుడు. దూడ యంబారవమును, గుడిగంటను ఫోనులో బట్టి పంపుడు. వారి యాటలో నొక యూరు వెలయును. వారు తమలో తామాడ మొదలిడగానే మీరు మెల్లగా దప్పుకొనుడు. ఆట ముగిసిన పిదప, తలిదండ్రులు తీసిన బొమ్మలపెండ్లి ఛాయాచిత్రమును జూచి, "పెండ్లికి నెవరెవరు వచ్చిరి?" యని యడిగిన, బిడ్డ కథ యల్లి చెప్పును.

మితము మరువరాదు. రెండేండ్లు నిండనివారికి తెరముందు కూర్చుండుట తగదనియు, రెండు మొదలు నాలుగేండ్లవారికి దినమున కొక గంట మించరాదనియు, అంతకు దగ్గిన మేలనియు ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో సూచించెను.

పండుగకు బోవునప్పుడు మిఠాయితోపాటు కొండపల్లి బొమ్మలో, ఏటికొప్పాక లక్కపిడతలో కొనిపొండు. ఫోనులో మీరు రుచిచూచిన పులుసును ఆ పిడతలో నామె మీ చేతికి వడ్డించును. అప్పుడు మీరు తాత యని వేఱుగ నెఱుకపఱుపనక్కఱలేదు. మీరెప్పటినుండియో యామె యింటి యతిథులే.