గేటు దాటితే కలకత్తా: తిండి గురించి నాలుగు మాటలు

(మన సంఘం వార్షికోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



నేను ఇంటర్మీడియట్ చదివి సిపాయిగా భర్తీ అయి, సుబేదారుగా రిటైరైనవాణ్ణి. ఉపన్యాసాలు చెప్పడం నా వృత్తి కాదు. కార్యదర్శి గారు "ఏదైనా పోస్టింగు గురించి చెప్పండి, కానీ సరిహద్దు సంగతులు కాకుండా" అన్నారు. అందుకని కలకత్తా తిండి గురించి చెప్దామని వచ్చాను. 2001 నుంచి ఆ ఊరికి కోల్‌కతా అని అధికారికంగా పేరు మారినా, నా నోటికి కలకత్తాయే వస్తుంది. మన్నించాలి.

తిండి గురించి చెప్పడానికేముంది అనుకోకండి. మనవాళ్ళు కొత్త చోటికి పోస్టింగు రాగానే మొదట అనే మాట ఏంటి? "అక్కడి తిండి మనకు పడదండీ." లంగర్‌లో ఎక్కడికెళ్ళినా అదే పప్పు, అదే రోటీ, అదే సబ్జీ. క్వార్టర్సులో ఊరినుంచి తెచ్చుకున్న ఆవకాయ. మూడేళ్ళు గడిచిపోతాయి, మూవ్‌మెంట్ ఆర్డరు వస్తుంది, ఊరు చూడకుండానే రైలెక్కుతాం. దేశాన్ని కాపాడతామని ప్రమాణం చేసినవాళ్ళం, ఆ దేశంలో జనం పొద్దున ఏం తింటారో తెలియకపోతే ఎలాగండీ?

కలకత్తాలో మన తూర్పు కమాండు ప్రధాన కార్యాలయం ఫోర్ట్ విలియంలో ఉంది. ఇప్పుడు దాన్ని విజయ్ దుర్గ్ అంటున్నారు. 1971 యుద్ధాన్ని తూర్పున నడిపించింది ఈ కమాండే. కోట గేటు దాటితే మైదాన్. అక్కడే మొదటి పాఠం మొదలవుతుంది. మెడలో తట్ట వేలాడేసుకుని ఝాల్‌ముడి అమ్మేవాళ్ళు కనబడతారు. మన తిరనాళ్ళలో, విశాఖ బీచిలో పిడత కింద పప్పు తిన్నవాళ్ళకు అది కొత్త కాదు. అవే మరమరాలు, ఉల్లిపాయ, పచ్చిమిర్చి, శనగలు. తేడా ఒక్కటే: పైన పచ్చి ఆవనూనె చుక్కలు, చిన్న కొబ్బరి ముక్క. ఆ నూనె ఘాటు మొదటిసారి ముక్కులోకి కొడుతుంది. మూడోసారికి అది లేకపోతే చప్పగా ఉంటుంది.

పక్కనే పుచ్‌కా బండి. మనం పానీపూరీ అంటాం కానీ, అక్కడివాళ్ళ దగ్గర ఆ మాట అంటే ఒప్పుకోరు. లోపల బఠాణీ కూర కాకుండా, కారం, చింతపండు వేసి మెదిపిన బంగాళాదుంప పెడతారు. నీళ్ళలో చింతపండు పులుపు ఎక్కువ. మన నాలుకకు ఆ పులుపు బాగా నచ్చుతుంది. టీ అయితే మట్టి పిడతలో పోస్తారు, దాన్ని భాఁడ్ అంటారు. తాగి పారేస్తే మళ్ళీ మట్టిలో కలిసిపోతుంది.

ఇక భోజనం. ఆఫీసులు, కాలేజీలు ఉన్న పేటల్లో "పైస్ హోటళ్ళు" అని పాతవి ఇంకా ఉన్నాయి. పైస్ అంటే పైసా. చదువు కోసం, నౌకరీ కోసం పల్లెల నుంచి వచ్చినవాళ్ళకు తక్కువ డబ్బుకు ఇంటి భోజనంలాంటిది పెట్టడానికి పుట్టినవి. కాలేజీ స్ట్రీట్ దగ్గర స్వాధీన్ భారత్ హిందూ హోటల్, న్యూమార్కెట్ దగ్గర సిద్ధేశ్వరి ఆశ్రమ్ అలాంటివే. మన ఆంధ్రా మెస్సులో ఒక టిక్కెట్టు కొంటే కడుపు నిండేవరకు వడ్డిస్తారు. అక్కడ అలా కాదు. అన్నానికి ఒక ధర, పప్పుకు ఒక ధర, చేపముక్కకు ఒక ధర, అరిటాకుక్కూడా విడిగా లెక్క. మొదట మనవాళ్ళకు ఇది పిసినారితనంగా కనిపిస్తుంది. ఆలోచిస్తే దాని వెనుక న్యాయం ఉంది. జేబులో తక్కువ డబ్బులున్నవాడు అన్నం, పప్పు మాత్రం తిని, తలెత్తుకుని బయటికి రావచ్చు. తిననిదానికి డబ్బు కట్టనక్కర్లేదు.

తినే వరస కూడా తెలుసుకోవాలి. మొదట చేదు. శుక్తో అని కాకరకాయ, ములక్కాడ, అరటికాయ వేసి వండే కూర. తర్వాత పప్పు, వేపుళ్ళు, ఆపైన చేప, చివర్లో తియ్యని చట్నీ, మిఠాయి. మనం ఉగాదినాడు ఒక్కరోజు చేదుతో మొదలుపెడతాం, వాళ్ళు మామూలు మధ్యాహ్న భోజనంలోనే చేదుతో మొదలుపెడతారు. మన పోపు డబ్బాలో ఉన్నట్టే వాళ్ళకు పాంచ్‌ఫోరన్ ఉంది: జీలకర్ర, ఆవాలు, మెంతులు, సోంపు, నల్లజీలకర్ర. ఐదూ కలిపి గింజలుగానే నూనెలో వేస్తారు.

చేపల దగ్గరికొస్తే, నేను కోనసీమవాణ్ణి కనుక కొంచెం ఎక్కువ మాట్లాడతాను. పుస్తెలమ్మైనా పులస తినాలని మా వైపు సామెత. కలకత్తాలో ఇలిష్ అని ప్రాణం పెట్టేది ఆ చేపకే. శాస్త్రం ప్రకారం రెండూ ఒకే జాతి. సముద్రంలో ఉన్నప్పుడు మనం విలస అంటాం, గోదారి వరదనీటికి ఎదురీది వస్తే పులస అవుతుంది. అక్కడ గంగకు ఎదురీదుతుంది. మనం పులుసు పెట్టి, రాత్రంతా ఉంచి మర్నాడు తింటాం. వాళ్ళు ఆవాలు నూరి, ఆవనూనెతో కలిపి ఆవిరిమీద ఉడికిస్తారు. ఏది గొప్ప అని నన్నడగొద్దు, ఇద్దరితోనూ గొడవ వస్తుంది. రెండు నదులకూ ఒకే కష్టం మాత్రం ఉంది. ధవళేశ్వరం దగ్గర ఆనకట్ట మా పులసను ఆపుతుంది. 1975లో పనిలోకి వచ్చిన ఫరక్కా బ్యారేజీ తర్వాత ఎగువ గంగకు ఇలిష్ వెళ్ళడం బాగా తగ్గిపోయింది.

ఇంకో సంగతి. హావ్‌డా చేపల మార్కెట్టుకు ఎప్పుడైనా తెల్లవారుజామున వెళ్ళి చూడండి. ఐసు పెట్టెలు దించే లారీల మీద మన ఆంధ్రా నంబర్లు కనిపిస్తాయి. కైకలూరు, ఆకివీడు, భీమవరం వైపు చెరువుల్లో పెరిగిన శీలావతి, బొచ్చె వెయ్యి కిలోమీటర్ల పైన ప్రయాణం చేసి అక్కడికి చేరతాయి. వాళ్ళు వాటిని రుయ్, కాత్లా అంటారు. బెంగాలీ ఇంటి కంచంలో చేప పులుసుకు, మన కొల్లేటి రైతు ఇంటి అప్పుకు ముడి ఉంది. అక్కడ ధర పడిపోతే ఇక్కడ మన రైతు పొయ్యి మీద ప్రభావం పడుతుంది. "ఆంధ్రా చేప రుచి ఉండదు" అని అక్కడ కొందరు మూతి విరుస్తారు. నిజమే, ఐసులో వచ్చిన చేప కన్నా స్థానికంగా అప్పుడే పట్టిన చేప రుచి వేరు. అయినా సామాన్యుడికి అందుబాటులో చేప పెడుతున్నది చాలావరకు ఈ లారీలే.

బిర్యానీ సంగతి. హైదరాబాదు బిర్యానీ తిన్నవాళ్ళు కలకత్తా బిర్యానీలో బంగాళాదుంప చూసి నవ్వుతారు. నవ్వే ముందు చరిత్ర వినండి. 1856లో ఇంగ్లీషువాళ్ళు అవధ్ రాజ్యాన్ని లాక్కుంటే, నవాబు వాజిద్ అలీ షా కలకత్తా వచ్చి మటియాబుర్జ్‌లో స్థిరపడ్డాడు. 1857 తిరుగుబాటు సమయంలో ఆయన్ను బంధించి ఉంచింది ఎక్కడో తెలుసా? మన ఫోర్ట్ విలియంలోనే. ఆయనతో వచ్చిన వంటవాళ్ళ చేతిలో లక్నో బిర్యానీ కలకత్తా బిర్యానీ అయింది. డబ్బు తక్కువై మాంసం బదులు దుంప వేశారని కొందరంటారు. ఆ రోజుల్లో దుంప కొత్త వస్తువు, ఖరీదైనది, గొప్ప కోసమే వేశారని ఆయన వంశీకులు అంటారు. ఏదైనా, రాజ్యం పోయినవాడు 1887లో చనిపోయేవరకు తన వంటను వదులుకోలేదు. ఆ దుంప మసాలా, నెయ్యి పీల్చుకుని ముక్క కన్నా బాగుంటుంది. మా యూనిట్లో హైదరాబాదీలే చివరకు దుంప కోసం పోట్లాడుకునేవారు.

న్యూమార్కెట్ పక్కన నిజామ్స్ హోటలుంది. కాఠీ రోల్ పుట్టిన చోటుగా దానికి పేరు. కాఠీ అంటే పుల్ల. పుల్లకు గుచ్చి కాల్చిన కబాబును పరాఠాలో చుట్టి ఇస్తారు. నడుస్తూ తినొచ్చు కాబట్టి సిపాయికి ఇంతకన్నా మంచి రేషను లేదు.

పొద్దున్నే టిరెట్టా బజారుకు వెళితే చైనా సంతతివాళ్ళు ఆవిరికుడుములు, చేప ఉండల సూపు అమ్ముతారు. టాంగ్రాలో వాళ్ళ తోలు కార్ఖానాలుండేవి. 1996లో సుప్రీంకోర్టు తోలు కార్ఖానాలను ఊరి బయటికి తరలించాలన్నాక, అక్కడ హోటళ్ళే మిగిలాయి. మనం ఊళ్ళో తినే చిల్లీ చికెన్ వంటి దేశీ చైనా వంటకు వీళ్ళ వంటగదులే పుట్టిల్లు. మనం ఫౌజీలం కాబట్టి ఒక మాట చెప్పాలి. 1962 యుద్ధం రాగానే తూర్పు భారతంలోని ఇలాంటి కుటుంబాలను చాలామందిని రాజస్థాన్‌లోని దేవ్‌లీ శిబిరానికి తరలించారు. దాదాపు మూడువేల మంది. ఈ గడ్డమీదే పుట్టిన పిల్లలు కూడా అందులో ఉన్నారు. చాలామంది తర్వాత దేశం విడిచి వెళ్ళిపోయారు. మిగిలినవాళ్ళే పొద్దున పూట మనకు కుడుములు పెడుతున్నారు. సరిహద్దులో శత్రువు వేరు, మన వీధిలో పొరుగువాడు వేరు. ఇది కుడుము తింటూ నేర్చుకోవాల్సిన పాఠం.

రసగుల్లా గురించి చెప్పకపోతే మీరు ఊరుకోరు. 1868లో బాగ్‌బజార్‌లో నవీన్‌చంద్ర దాస్ ఇప్పుడు మనం తినే మెత్తని రసగుల్లా చేశాడని బెంగాలీలు అంటారు. పూరీ జగన్నాథుడికి అంతకు ముందునుంచే నైవేద్యం పెడుతున్నామని ఒడియా సోదరులు అంటారు. చివరకు 2017లో బెంగాల్ రసగుల్లాకు, 2019లో ఒడిశా రసగోలాకు విడివిడిగా భౌగోళిక గుర్తింపు వచ్చింది. ఇద్దరూ గెలిచారు. చలికాలం వెళ్ళేవాళ్ళు మాత్రం ఖర్జూర చెట్టు కల్లుతో కాదు, నీరాతో కాచిన కొత్తబెల్లం సందేశ్ తినండి. దాన్ని నలేన్‌గుడ్ అంటారు. మన తాటిబెల్లం గుర్తొస్తుంది. షుగరున్న పెద్దలు ఒక్కటి తిని ఆగండి, కనీసం వదినగారి ముందైనా.

ఇంత తిండి గురించి చెప్పాక, ఆకలి గురించి చెప్పకపోతే పాపం. 1943లో ఇదే కలకత్తా వీధుల్లో జనం ఆకలితో రాలిపోయారు. బెంగాల్ కరువులో ఇరవై నుంచి ముప్ఫై లక్షలమంది పోయారని లెక్కలు. అంతకు ముందు ఏడాది బర్మా జపాను చేతిలో పడి అక్కడి బియ్యం ఆగిపోయింది. శత్రువుకు దొరకకూడదని తీర జిల్లాల్లో పడవలను, ధాన్యాన్ని బ్రిటిష్ ప్రభుత్వం లాగేసుకుంది. అక్టోబరులో మిద్నాపూర్ తుఫాను. ధరలు ఆకాశానికంటాయి. పల్లెజనం నగరానికి వచ్చి గుమ్మాల ముందు నిలబడి అన్నం కూడా అడగలేదు. "ఫ్యాన్ దావో మా" అన్నారు. గంజి పొయ్యమ్మా అని. యుద్ధానికి, సైన్యానికి సరుకు దొరుకుతూనే ఉంది, పండించినవాడికి దొరకలేదు. అన్నం తక్కువై మాత్రమే కాదు, కొనే శక్తి పోవడం వల్ల కూడా జనం చచ్చారని తర్వాత అమర్త్యసేన్ వివరంగా రాశారు. కరువునాటికి ఆయన చిన్నపిల్లవాడు, కళ్ళారా చూశాడు. లంగర్‌లో ప్లేటులో అన్నం వదిలేసే కుర్రాళ్ళకు నేను ఈ ఒక్క సంగతి చెప్పేవాణ్ణి. వేరే శిక్ష అక్కర్లేకపోయేది.

వీధి బండివాళ్ళ గురించి కూడా ఒక మాట. 1996 నవంబరులో ఆపరేషన్ సన్‌షైన్ పేరుతో కలకత్తా ఫుట్‌పాత్‌ల మీద బళ్ళను రాత్రికి రాత్రి పడగొట్టారు. కొన్నాళ్ళకు చాలామంది తిరిగి వచ్చారు, ఎందుకంటే వాళ్ళకు వేరే బతుకు లేదు, ఊరికి వేరే చవక భోజనం లేదు. 2014లో వీధి వ్యాపారుల రక్షణకు పార్లమెంటు చట్టం చేసింది. చట్టం కాగితం మీద ఉంటుంది, మన ప్రవర్తన రోడ్డు మీద ఉంటుంది. యూనిఫాం చూసి "పైసలొద్దు సార్" అనేవాళ్ళు కొందరుంటారు. కొందరు గౌరవంతో అంటారు, కొందరు భయంతో అంటారు. రెండిటికీ జవాబు ఒకటే: చేతిలో డబ్బు పెట్టండి.

సర్వీసులో ఉన్న తమ్ముళ్ళకు నా అనుభవం కొద్దీ నాలుగు సలహాలు.

ఒకటి, వేడివేడిగా పొయ్యి మీద నుంచి దిగేది తినండి, కోసి పెట్టిన పళ్ళ జోలికి పోకండి. నీళ్ళు మీవే తీసుకెళ్ళండి. ఎం.ఐ. రూమ్ ముందు లైనులో నిలబడితే ఊరు చూసే ముచ్చట తీరదు.

రెండు, స్థానికులు ఎక్కడ గుమిగూడి తింటున్నారో చూసి అక్కడే నిలబడండి. సరుకు నిలవ ఉండదు.

మూడు, భాష రాదని ఆగకండి. "దాదా" అంటే అన్నయ్య, "దీదీ" అంటే అక్క, "బౌది" అంటే వదిన, "ఖూబ్ భాలో" అంటే చాలా బాగుంది. ఈ నాలుగు మాటలతో నేను మొదటి ఆరునెలలు నెట్టుకొచ్చాను.

నాలుగు, ఇది ముఖ్యం. ఇంటివాళ్ళను తీసుకెళ్ళండి. మీకు యూనిట్లో వందమంది స్నేహితులుంటారు. క్వార్టర్సులో ఉన్న మీ ఆవిడకు నాలుగు గోడలే. మా పక్క క్వార్టరులో బెంగాలీ హవల్దారు కుటుంబం ఉండేది. ఆ బౌదికి తెలుగు రాదు, మా ఆవిడకు బెంగాలీ రాదు. ఒకరోజు ఆమె వంకాయ వేపుడు గిన్నె పంపింది. ఖాళీ గిన్నె తిరిగి పంపకూడదని మా ఆవిడ పులిహోర పెట్టి పంపింది. అలా రెండేళ్ళు ఆ గిన్నె తిరుగుతూనే ఉంది. నేను ఫీల్డు ఏరియాకు వెళ్ళినప్పుడు, మా చిన్నవాడికి రాత్రిపూట జ్వరం వస్తే రిక్షా పిలిచి ఆసుపత్రికి తీసుకెళ్ళింది ఆవిడే. కొత్త ఊళ్ళో మనకు అక్కరకొచ్చేది బంధువులు కాదు, ఇలా గిన్నె మార్చుకున్నవాళ్ళే.

రిటైరైన సోదరులకు చెప్పేదొక్కటే. మీరు పనిచేసిన ప్రతి ఊరి వంట ఒకటైనా మీ ఇంట్లో పిల్లలకు చేసి పెట్టండి. పంజాబు సర్సోం కూర కావచ్చు, నాగాలాండ్ వెదురు చిగురు కావచ్చు, కలకత్తా శుక్తో కావచ్చు. మెడల్సు పెట్టెలో ఉంటాయి, పిల్లలు ఎప్పుడో గాని తియ్యరు. కంచంలో పెట్టింది మాత్రం వాళ్ళకు గుర్తుంటుంది. ఆ ఊరివాళ్ళు పరాయివాళ్ళు కారని కూడా దానితోపాటే తెలుస్తుంది.

భోజనాల వేళయింది, వంటశాల వైపు నుంచి గుత్తివంకాయ వాసన వస్తోంది. ఇంక మాట్లాడితే మీరు నన్ను క్షమించరు. 

జైహింద్.